సోలో గాయకుడి వెనక డిస్కో డ్రమ్మర్

రీమిక్స్ ఆల్బమ్‌ని సంగీత చరిత్రల్లో ఎవరూ పెద్దగా పట్టించుకోరు. పాత సరుక్కి కొత్త అట్ట వేశారని తీసిపారేస్తారు. బిల్లీ ఐడల్ ‘వైటల్ ఐడల్’ (బ్రిటన్‌లో 1985, అమెరికాలో 1987) కూడా ఆ జాబితాలోదే. నాకు మాత్రం అతని అసలు కథ ఈ రికార్డులోనే వినిపిస్తుంది.

ఐడల్ 1976లో లండన్‌లో మొదలైన జెనరేషన్ ఎక్స్ గాయకుడు. పంక్‌తో మొదలై న్యూవేవ్ వైపు జరిగిన బ్యాండ్ అది. అప్పట్లో చాలామంది రాక్ అభిమానులకి డిస్కో అంటే ఒళ్లుమంట. 1979 జూలైలో షికాగోలోని ఒక బేస్‌బాల్ స్టేడియంలో డిస్కో రికార్డుల్ని పోగేసి పేల్చేశారు. ఇది ఉత్త అభిరుచుల గొడవ అంటే నేను నమ్మను. డిస్కో పెరిగింది నల్లజాతివాళ్ల, లాటినోల, గేల క్లబ్బుల్లో మరి.

అదే ఏడాది టోక్యోలోని ఒక డిస్కోలో కుర్రకారు అద్దాల్లో తమని తాము చూసుకుంటూ ఆడటం ఐడల్, టోనీ జేమ్స్ గమనించారు. ‘డాన్సింగ్ విత్ మైసెల్ఫ్’ అక్కడ పుట్టింది. 1980లో బ్యాండ్ పేరుతో విడుదలై, బ్రిటన్‌లో పెద్దగా ఆడలేదు. ఐడల్ న్యూయార్క్ చేరాక, 1981లో, ఆ రికార్డింగ్‌నే మళ్లీ మిక్స్ చేసి అతని ఒక్కడి పేరుతో వదిలారు. అంటే అతని సోలో ప్రయాణం మొదలైందే రీమిక్స్‌తో అన్నమాట!

ఆ పాట నిర్మాత కీత్ ఫోర్సీ. అంతకుముందు జార్జియో మొరోడర్ దగ్గర డోనా సమ్మర్ డిస్కో రికార్డులకి డ్రమ్స్ వాయించినవాడు. పంక్ కుర్రాడి సోలో పాటల్ని నిలబెట్టింది ఓ డిస్కో డ్రమ్మర్.

మామూలు రికార్డుల్లో ఇది అంతగా బయటపడదు. ఐడల్ గొంతూ, పోస్టర్ మీది ఆ వంకర పెదవీ ముందుంటాయి. ‘వైటల్ ఐడల్’లో ‘వైట్ వెడ్డింగ్’ ఎనిమిది నిమిషాలు దాటుతుంది. డ్రమ్ ముందుకొస్తుంది, గొంతు వచ్చిపోయే వాద్యాల్లో ఒకటవుతుంది. స్టేడియంలో పేల్చేశామనుకున్న సంగీతం రాక్ హీరో ఆల్బమ్‌లో దర్జాగా నడుస్తుంటుంది.

అమెరికాలో ఐడల్‌కి దక్కిన ఒకే ఒక్క నంబర్ వన్ 1987 నాటి ‘మోనీ మోనీ’. అది 1968లో టామీ జేమ్స్ బృందం పాడిన పాట. జనం ముందు, కచేరీలో రికార్డు చేసింది. సోలో అనే మాట అతని విషయంలో రికార్డు అట్ట మీది పేరుకే సరిపోతుంది.