కీబోర్డు వాద్యములో ఫర్మ్‌వేర్ నవీకరణ

ఫర్మ్‌వేర్ నవీకరణ అనగా సింథసైజర్ కీబోర్డు లోపల స్థిరముగా ఉండి వాద్యమును నడిపించు ప్రోగ్రామును తొలగించి, తయారీదారు విడుదల చేసిన కొత్త ప్రోగ్రామును ఆ స్థానమున వ్రాయుట. వాడుకలో దీనిని అప్‌డేట్ చేయుట అంటారు. వేదికలపై వాయించు కళాకారులకు ఇది ప్రయోజనకరమే అయినను, పని మధ్యలో కరెంటు పోయినచో వాద్యము పూర్తిగా మూగబోవు ప్రమాదము కలదు. కనుక దీనిని ఎట్లు చేయవలెనో తెలియుట ఎంత అవసరమో, ఎప్పుడు చేయవలెనో తెలియుట కూడా అంతే అవసరము.

ప్రాంతీయ నేపథ్యము

తెలంగాణలోని సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణములు మూడును ఉమ్మడి నల్గొండ జిల్లాలోనివి. 2016 అక్టోబరు 11న సూర్యాపేట జిల్లా ఏర్పడినప్పుడు కోదాడ అందులో చేరినది. మిర్యాలగూడ నల్గొండ జిల్లాలోనే ఉన్నది. పెళ్ళి వేడుకలు, వినాయక నవరాత్రి పందిళ్ళు, చర్చి ఆరాధనలు కీబోర్డు కళాకారులకు పని కల్పించు సందర్భములు. పద్యనాటకములలో పూర్వము హార్మోనియము చేసిన పనిని నేడు పలుచోట్ల కీబోర్డు చేయుచున్నది. రోలాండ్ ఎక్స్‌పీఎస్-10, ఎక్స్‌పీఎస్-30, యమహా పీఎస్ఆర్-ఐ శ్రేణి వంటి మోడళ్ళలో సితార్, తబలా మొదలైన భారతీయ వాద్యముల టోన్లు ఉన్నవి. చిన్న బృందములో ఒకే కీబోర్డు ఉండుట సాధారణము. అది ఆగిన నాడు బృందమునకు పని ఉండదు.

చరిత్ర

ఫర్మ్‌వేర్ అను పదమును 1967లో ఆషర్ ఓప్లర్ డేటామేషన్ పత్రికలో ప్రయోగించెను. తొలి డిజిటల్ సింథసైజర్లలో ఈ ప్రోగ్రాము రామ్ కాక రోమ్ చిప్పులలో ఉండెడిది. మార్పు కావలసినచో పెట్టె విప్పి చిప్పునే మార్చవలసి వచ్చెడిది. 1983లో మిడి ప్రమాణము వచ్చినది. తరువాత ఫ్లాష్ మెమొరీ వాడుకలోనికి వచ్చుటతో, కొన్ని వాద్యములకు మిడి తీగ ద్వారానే కొత్త ప్రోగ్రామును పంపుట సాధ్యమైనది. మిడి వేగము సెకనుకు 31,250 బిట్లు. ఒక్కొక్క బైటుకు 10 బిట్లు పట్టును గనుక సెకనుకు 3,125 బైట్లు మాత్రమే సాగును. ఈ లెక్కన ఒక మెగాబైటు పంపుటకు సుమారు ఐదున్నర నిమిషములు పట్టును. నేటి వాద్యములలో ఈ పని చాలావరకు పెన్‌డ్రైవుతో జరుగుచున్నది.

ఫర్మ్‌వేర్, టోన్ల మధ్య భేదము

ఈ రెంటినీ ఒకటిగా భావించుట కలదు. టోన్లు, రిథమ్ స్టైళ్ళు వాద్యము పలికించు సరుకు. ఫర్మ్‌వేర్ ఆ సరుకును పలికించు యంత్రాంగము. కొత్త టోన్లు చేర్చుటకు సాధారణముగా ఫర్మ్‌వేర్ మార్చనక్కరలేదు. అయితే కొన్ని నవీకరణలలో కొత్త టోన్లు కూడా చేర్చబడును. తక్కువ ధర గల కొన్ని కీబోర్డులలో వాడుకరి స్వయముగా ఫర్మ్‌వేర్ మార్చు వీలు ఉండదు.

నవీకరణ విధానము

మోడలును బట్టి వివరములు మారును. సాధారణ క్రమము ఇది:

1. వాద్యపు సిస్టమ్ మెనూలో ప్రస్తుత వెర్షన్ సంఖ్యను చూచి వ్రాసుకొనవలెను.
2. తయారీదారు వెబ్‌సైటులో అదే మోడలుకు చెందిన ఫైలును, దానితోపాటు ఉన్న సూచనలను దించుకొనవలెను. పేరు దగ్గరగా ఉన్న వేరొక మోడలు ఫైలు పనికిరాదు. చేతులు మారి వచ్చిన ఫైలును నమ్మరాదు.
3. కొత్త వెర్షనులో సరిచేసిన లోపములను చదువవలెను. తనకు సంబంధించిన మార్పు లేనిచో వెంటనే నవీకరించనక్కరలేదు.
4. సొంత టోన్లను, సెట్టింగులను వేరొక పెన్‌డ్రైవులో భద్రపరచవలెను.
5. సూచనలలో చెప్పిన పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవులోనికి, ఏ ఫోల్డరులోను పెట్టక, పేరు మార్చక ఫైలును ఎక్కించవలెను.
6. వాద్యమును ఆపి, పెన్‌డ్రైవు పెట్టి, నిర్దేశించిన బటన్ నొక్కిపట్టి ఆన్ చేయవలెను. ఉదాహరణకు 2018లో వచ్చిన యమహా మోడెక్స్‌లో ఇది యుటిలిటీ బటన్.
7. పూర్తయినదను సందేశము వచ్చు వరకు దేనినీ ముట్టరాదు.

విద్యుత్తు జాగ్రత్తలు

ఫ్లాష్ మెమొరీలో పాత ప్రోగ్రామును చెరిపిన తరువాతనే కొత్తది వ్రాయబడును. ఈ రెండు పనుల నడుమ కరెంటు ఆగినచో పాతదీ ఉండదు, కొత్తదీ ఉండదు. కనుక మంచి స్థితిలో ఉన్న ఇన్వర్టరుపై, వాద్యముతో వచ్చిన అడాప్టరుతో ఈ పని చేయుట మేలు. అడాప్టర్లలో 9 వోల్టులవి, 12 వోల్టులవి, ధ్రువత తారుమారుగా ఉన్నవి కలవు గనుక పిన్ను పట్టినంత మాత్రమున వేరొక అడాప్టరు వాడరాదు. సగము వాడిన బ్యాటరీలపైన, పెళ్ళి పందిరిలోని జనరేటరుపైన నవీకరణ చేయరాదు.

అనువైన కాలము

కార్యక్రమము ముందు రోజున నవీకరించుట తగదు. మాఘ, ఫాల్గుణ మాసములలో వివాహములు అధికము. దురాజ్‌పల్లి వద్ద రెండేండ్లకొకసారి జరుగు పెద్దగట్టు జాతర కూడా మాఘములోనే వచ్చును. ముహూర్తములు లేని ఆషాఢము ఈ పనికి తగిన సమయము. శ్రావణములో పెళ్ళిళ్ళు, భాద్రపదములో వినాయక నవరాత్రులు వచ్చులోగా వాద్యమును పరీక్షించుకొనుటకు వ్యవధి దొరకును. అయితే అది వర్షాకాలము గనుక గాలివాన లేని వేళను ఎంచుకొనవలెను.

నవీకరణ తరువాత

కొన్ని వాద్యములలో నవీకరణ పిమ్మట సెట్టింగులు తొలి స్థితికి చేరును. అప్పుడు ట్రాన్స్‌పోజ్ సున్నా అగును. గాయకుడు రెండు శ్రుతిలో పాడునప్పుడు ట్రాన్స్‌పోజ్‌ను +2గా ఉంచి ఒకటి శ్రుతి మెట్లపైనే వాయించు కళాకారుడు ఈ మార్పును గమనింపనిచో, పాట ఒక శ్రుతిలో, వాద్యము మరొక శ్రుతిలో సాగును. పిచ్ బెండ్ పరిధి, స్ప్లిట్, సస్టెయిన్ పెడల్, మిడి ద్వారా కలిపిన ప్యాడ్లు, ఎడమ కుడి ఔట్‌పుట్లు ఒక్కొక్కటిగా సరిచూచి, కనీసము రెండు గంటల పాటు సాధన చేయవలెను.

విఫలమైనచో

పలు వాద్యములలో ఆరంభ ప్రోగ్రాము మెమొరీలో విడిగా భద్రముగా ఉండును. అట్టి వాటిలో అదే క్రమమును మరల ప్రారంభించి కోలుకొనవచ్చును. అది లేనిచో అధీకృత సేవా కేంద్రమునకు తీసుకొనిపోవలెను. సూర్యాపేట నుండి హైదరాబాదు సుమారు 135 కి.మీ. కోదాడకు విజయవాడ దగ్గర. ఈ రెండు పట్టణములకు రైలు సౌకర్యము లేదు, 65వ జాతీయ రహదారియే దారి. మిర్యాలగూడ సికింద్రాబాదు - గుంటూరు రైలుమార్గములో ఉన్నది. ప్రయాణము, మరమ్మతు ముగియు వరకు అద్దె వాద్యముతో కార్యక్రమములు నడుపుకొనవలసి వచ్చును గనుక, ముందుగా భద్రపరచిన సెట్టింగుల పెన్‌డ్రైవును వేరుగా దాచుకొనవలెను. అద్దె వాద్యము అదే మోడలు అయినచో ఆ సెట్టింగులను అందులోనికి ఎక్కించి వాడుకొనవచ్చును.

ఇవి కూడా చూడండి

హార్మోనియము
సూర్యాపేట
కోదాడ
మిర్యాలగూడ