తలుపు మీది అలలు

ఫ్రాంక్‌ఫర్ట్ మ్యూజియంలలో నాకు బాగా నచ్చేది బొమ్మలూ కాదు, పింగాణీ కాదు, ఒక బీరువా. మనిషిని మించిన ఎత్తు. తలుపు రెక్కల మీద పువ్వు లేదు, లత లేదు, దేవుడూ లేడు. ఉన్నవన్నీ అలలే. చెక్క ఒకచోట లోపలికి దిగుతుంది, పక్కనే ఉబ్బుతుంది, మళ్లీ దిగుతుంది. 1700 ప్రాంతంలో ఈ నగరపు షావుకార్లు మోజుపడి చేయించుకున్న సరుకు ఇది. ‘వెల్లెన్‌ష్రాంక్’, అంటే అలల బీరువా అంటారు. లోపలంతా చవక పైన్ చెక్క, పైన వాల్‌నట్ పలుచని పొర. పైన్‌లో గాడులు తీసి, ఉబ్బులు తేల్చి, ఆ వంపులన్నిటి మీదుగా పొరను ఎక్కడా లేవకుండా అతికించాలి. ఎన్ని రోజుల కూలో వడ్రంగి బిడ్డను కాబట్టి నాకు చూడగానే తెలుస్తుంది. షావుకారు ఇంటికొచ్చిన చుట్టానికి తెలియాల్సింది కూడా అదే.

దాని ఫోటో తీసి జగిత్యాలలో ఉన్న తమ్ముడికి పంపాను. వాడికి అక్కడ సీఎన్‌సీ రౌటర్ దుకాణం, అంటే కంప్యూటర్ చెప్పినట్టు చెక్కను చెక్కే మిషన్. టేకు పలకల మీద, ఎండీఎఫ్ మీద తలుపు డిజైన్లు కొట్టిస్తాడు. “గిది ఏ మిషన్ మీద చేసిన్రక్కా?” అని అడిగాడు.

నవ్వాల్సిన ప్రశ్న కాదు. ఆ కాలానికే జర్మనీలో అలలు చెక్కే యంత్రం ఉంది. న్యూరెంబర్గ్‌లో తుపాకులకు కొయ్య భాగాలు చేసే హాన్స్ ష్వాన్‌హార్ట్ అనే ఆయన (1612లో పోయాడు) దాన్ని కనిపెట్టాడని చెబుతారు. ఫ్రాన్స్‌లో ఫెలిబియన్ 1676లో అచ్చేసిన పుస్తకంలో అలాంటి యంత్రాన్ని వర్ణించాడు, కొద్ది ఏళ్లకే లండన్‌లో జోసెఫ్ మోక్సన్ కూడా రాశాడు. పని తీరు ఇది. సన్నటి చెక్క పట్టీతోపాటు అలలుగా కోసిన అచ్చు ఒకటి బిగిస్తారు. పట్టీని లాగుతుంటే అచ్చు ఎక్కించినప్పుడు బ్లేడు ఎక్కుతుంది, దించినప్పుడు దిగుతుంది, చెక్కను గీకుతూ పోతుంది. ఒక్కో లాగుకు వెంట్రుక మందం పొర లేస్తుంది. అలా లాగుతూనే ఉండాలి. నల్లటి ఎబొనీ పెట్టెల అంచుల మీద సన్నగా వణికే పట్టీలన్నీ ఇలా వచ్చినవే. మ్యూజియం బీరువా అలలు వేరు. అవి వెడల్పైనవి, రందా పట్టి తీసినవి. కానీ అచ్చు చెప్పినట్టు ఉలి నడవడం అనే ఊహ మాత్రం 400 ఏళ్ల పాతది.

తర్వాతి కథ తొందరగా చెప్పేస్తాను. 1845లో ఇంగ్లండ్‌లో థామస్ జోర్డాన్ నగిషీ యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. నమూనా మీద ఒక ముల్లు తడుముతుంటే పక్కన తిరిగే బిట్లు అదే ఆకారాన్ని చెక్కల్లో తోడేవి. లండన్ పార్లమెంటు భవనం కొయ్యపనికి దాన్ని వాడారు. మోటు పని యంత్రానిది, చివరి తీర్పు చేతి ఉలిది. 1952లో అమెరికాలోని ఎంఐటీ వాళ్లు అచ్చునే తీసేసి, ఆ చోట కదలికలను అంకెల్లో చెప్పే చిల్లుల టేపు పెట్టారు. దారి చూపించింది హెలికాప్టర్ రెక్కలు చేసే జాన్ పార్సన్స్. ఇప్పుడు ఆ టేపూ పోయింది, మా తమ్ముడు పెన్‌డ్రైవ్ గుచ్చుతాడు.

నేనుండేది ఎష్‌బోర్న్‌లో. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి ఎస్-3 గానీ ఎస్-4 గానీ ఎక్కితే కాసేపట్లో వచ్చేస్తుంది. లోర్ష్ మఠం దస్తావేజుల్లో 770 నాటికే పేరున్న పల్లె. ఇప్పుడు గాజు ఆఫీసుల ఊరు. 2010లో స్టాక్ ఎక్స్ఛేంజి సంస్థ డాయిచె బోర్సె కూడా ఇక్కడికే వచ్చింది. పరిశ్రమల్లో, చేతివృత్తుల్లో వృథాను ఎలా తగ్గించాలో చెప్పడానికి 1921లో పుట్టిన ఆర్‌కేడబ్ల్యూ అనే సంస్థ ఆఫీసు ఈ ఊళ్లోనే ఉంది. ఆ వీధిలో నడిచినప్పుడల్లా మా తమ్ముడి లెక్క గుర్తొచ్చి నవ్వొస్తుంది. చదివింది ఐటీఐ అయినా వాడు చేసేదీ అదే శాస్త్రం.

వాడి లెక్క ఇది. రెండు మీటర్ల పొడవు, 90 సెంటీమీటర్ల వెడల్పు పలక అనుకోండి. కొన గుండ్రంగా ఉన్న 6 మి.మీ. బిట్ పెట్టి, గీతకూ గీతకూ మధ్య అర మిల్లీమీటరు జరిపితే 1800 గీతలు. నిమిషానికి 3 మీటర్ల వేగం ఇస్తే 20 గంటలు పడుతుంది. గీతల మధ్య మిగిలే గట్టు ఎత్తు మిల్లీమీటరులో నూరోవంతు, చేతికి తగలదు. లక్ష్మీదేవి ముఖం కావాలంటే ఇంత ఓపిక తప్పదు. అదే 4 మి.మీ. చొప్పున జరిపితే 225 గీతలే, రెండున్నర గంటల్లో పలక దిగిపోతుంది. గట్లు ముప్పావు మిల్లీమీటరు ఎత్తున నిలబడతాయి. వాటిని సాండ్‌పేపర్ పెట్టి తీసేయనక్కర్లేదు, అవే డిజైన్. అలలూ, గీతలూ, ఇసుక మేటలూ ఇన్ని అపార్ట్‌మెంట్ తలుపుల మీదికి ఎక్కడానికి కారణం జనం అభిరుచి మారడం ఒక్కటే అంటే నేను నమ్మను. గడియారమే పెద్ద కారణం.

1700లో అల ఖరీదైంది కాబట్టే షావుకారు చెక్కించుకున్నాడు. ఇప్పుడు చవకైంది కాబట్టి మధ్యతరగతి ఇంటికి దొరికింది. నాకిందులో బాధేమీ లేదు. పాలిష్ చేసిన టేకు మీద ఆ గట్లు పొద్దుటి ఎండలో బాగానే ఉంటాయి. హోదా మాత్రం యంత్రం దగ్గర ఆగలేదు, తిరిగి చేతి దగ్గరికి వెళ్లింది. అయోధ్య రామాలయం తలుపులు సికింద్రాబాద్ బోయిన్‌పల్లిలోని అనురాధ టింబర్ డిపోవాళ్లు చేయించారు. బల్హార్షా టేకు మీద తమిళనాడు పనివాళ్లు ఉలితో చెక్కారు. యాదాద్రి తలుపులు చేసిందీ ఆ డిపోవాళ్లే.

మా నాన్నకు డెబ్బై దాటాయి. మిషన్ గదిలోకి రాడు, పొట్టు పడదంటాడు. కానీ తిరిగే బిట్ గుండ్రనిది కదా, పద్మం రేకుల సందులో లోపలి మూలను పదునుగా తీయడం దానికి చేతకాదు, ఎంత సన్న బిట్ పెట్టినా కాస్త వంపు మిగులుతుంది. ఆ పలకలు వసారాలో నాన్న ముందుకొస్తాయి. ఉలి నిలబెట్టి, చిన్న సుత్తెతో తట్టి, మూల తీస్తాడు. తమ్ముడు గిరాకీ దగ్గర చదరపు అడుగు చొప్పున తీసుకుంటాడు. నాన్న తమ్ముడి దగ్గర మూలకింత అని లెక్కపెట్టి తీసుకుంటాడు, ఈ దసరాకి రేటు పెంచాడు కూడా.