వేలికొసన రక్తపు చుక్క

ఆలయ వార్షికోత్సవ సంచికకు వైద్య సంబంధమైన వ్యాసమొకటి వ్రాయవలసిందని కార్యవర్గం వారు కోరినప్పుడు, మధుమేహం గురించో రక్తపోటు గురించో నాలుగు మాటలు వ్రాసి పంపుదామనుకొన్నాను. ఈ రెండూ మన మారిషస్‌లో ఇంటింటా ఉన్నవే. కాని వాటిని గురించి ఎంత చెప్పినా లడ్డూల పళ్ళెం ముందు ఎవరి చేయీ ఆగదని అనుభవం మీద తెలుసుకొన్నాను. ఇంతలో జరిగిన ఒక చిన్న సంగతి నా మనస్సును చరిత్ర వైపు మళ్ళించింది. వైద్యురాలు చరిత్ర చెప్పబూనడం సాహసమే. పెద్దలు మన్నింతురు గాక.

మన ఆలయానికి తప్పక వచ్చే ఒక పిన్నిగారు ఇటీవల తిరుపతి యాత్ర చేసి వచ్చారు. శనివారం పూజ ముగిశాక నన్ను పట్టుకొని, "చూశావా డాక్టరమ్మా! విమానం నాలుగు గంటలు ఆలస్యం, పెట్టె చక్రం విరిగింది, అంత దూరం పోయి వచ్చిన బడలికైనా తీరకముందే ఆరోగ్య శాఖ మనిషి తలుపు కొట్టి వేలు చూపమన్నాడు. స్వామి దర్శనం చేసుకొని వచ్చినవాళ్ళకు కూడా సూది పోట్లేనా?" అన్నారు. ఆమె మాట ముగియక ముందే చుట్టూ ఉన్నవారు తలా ఒకటి అందుకొన్నారు. కుళాయి నీరు పూటకొక గంట వస్తున్నదని ఒకరు, గుడి ముందు కారు నిలపడానికి చోటు లేదని ఒకరు, మైకు చెవులు చిల్లులు పడేలా మ్రోగుతున్నదని మరొకరు. పులిహోర చల్లారిపోయింది, సణుగుడు మాత్రం వేడిగానే సాగింది.

నేను నవ్వి ఊరుకొన్నాను. ఊరుకోవడానికి కారణం ఉన్నది. రెండేళ్ళ క్రితం హైదరాబాదు నుండి తిరిగి వచ్చినప్పుడు అటువంటి ఉద్యోగినే నేను ఎండలో గేటు బయట నిలబెట్టాను. "నేను డాక్టర్ని, జ్వరం వస్తే నాకు తెలియదా? మరొక రోజు రండి" అని పంపివేశాను. అతడు మారు మాట్లాడక కాగితం మీద ఏదో వ్రాసుకొని వెళ్ళిపోయాడు. పిన్నిగారికి చరిత్ర తెలియదు కనుక విసుక్కొన్నారు. నాకు తెలిసి కూడా విసుక్కొన్నాను. ఆ తెలిసినదేమిటో ఇప్పుడు మీతో చెప్పుకొంటాను.

1834 నవంబరు 2న అట్లాస్ అనే ఓడ కూలీలను తీసుకొని పోర్ట్ లూయీ రేవుకు చేరింది. ఆ రోజును మనం నేటికీ సెలవుదినంగా పాటిస్తున్నాము. ఆ తరువాతి దశాబ్దాలలో నాలుగు లక్షల యాభై వేలకు పైగా ఒప్పంద కూలీలు ఈ నేల మీద అడుగు పెట్టారు. వారిలో గంజాం, విశాఖపట్నం, గోదావరి మండలాల నుండి కోరంగి, కాకినాడ మొదలైన రేవులలో ఓడ ఎక్కినవారు మన పూర్వులు. కోరంగి రేవు పేరు మీదనే ఇక్కడ తెలుగువారిని కోరంగీలు అన్నారు. ఆప్రవాసీ ఘాట్ చూసిన వారికి అక్కడి పదహారు మెట్లు గుర్తుండే ఉంటాయి. 2006లో ప్రపంచ వారసత్వ స్థలమైన ఆ ప్రాంగణంలో చాలామంది మెట్ల ముందు నిలిచి ఫొటో తీయించుకొని వెళ్ళిపోతారు. అక్కడి ఆసుపత్రి గదుల శిథిలాల దగ్గర మరికొంత సేపు నిలవండని మనవి. వృత్తిరీత్యా నా కాళ్ళు అక్కడనే ఆగుతాయి.

ఆ రోజుల్లో మారిషస్‌కు ఆరోగ్యకరమైన దీవి అని పేరు. చలిజ్వరం ఇక్కడ లేదు. ఆ జ్వరాన్ని మోసే దోమ ఓడలలో వచ్చిందో, రోగక్రిమి మనుషుల రక్తంలో వచ్చిందో, రెండూ కలిసిన ఘడియ ఏదో గాని, 1866లో మొదలైన జ్వరం మరుసటి ఏడు దావానలమైంది. 1867 ఒక్క సంవత్సరంలోనే సుమారు నలభై వేలమంది మరణించారు. అప్పటి ద్వీప జనాభా మూడు లక్షల పైచిలుకు మాత్రమే. అంటే ప్రతి ఎనిమిది తొమ్మిది మందిలో ఒకరు. మీ ఇంటి భోజనాల బల్ల చుట్టూ కూర్చునే వారిని ఒకసారి లెక్కపెట్టుకొని చూడండి.

క్వినైన్ ఉన్నది గాని, ఇంత పెద్ద ఉపద్రవానికి చాలినంత లేదు. కలవారు రైలెక్కి క్యూర్‌పీప్ మెట్టకు తరలిపోయారు. రైలు మార్గం అప్పటికి రెండు మూడేళ్ళ క్రితమే వచ్చింది. నేడు మనం చల్లగా ఉంటుందని ముచ్చటపడే ఆ ఊరు అంతగా పెరగడానికి ఈ జ్వరమే ముఖ్య కారణం. తోటల్లోని కూలీకి మెట్టకు పోయే దారి లేదు, పని మానే దారీ లేదు. ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల జీతం కోసే పద్ధతి అప్పుడు అమలులో ఉన్నది. మలేరియా రోజు విడిచి రోజు వణికిస్తుంది. జీతం లెక్క ఎలా ఉండేదో మీరే ఊహించుకోవచ్చు. పైపెచ్చు ఆ 1867లోనే వచ్చిన కూలీ చట్టం ప్రకారం ఒప్పందం ముగిసిన పాత కూలీ కూడా ఫొటో అంటించిన గుర్తింపు కాగితం వెంట ఉంచుకొని తిరగాలి. లేకపోతే దేశదిమ్మరి అని పట్టుకొనేవారు.

ఇక్కడ ఒక మాట స్పష్టం చేయాలి. పూర్వులు అన్నీ ఓర్చుకొన్నారు గనుక మనం నోరు మూసుకోవాలని నేను అనడం లేదు. వారు అన్నీ ఓర్చుకోలేదు. 1871లో అడోల్ఫ్ ద ప్లెవిట్జ్ అనే తోట నిర్వాహకుడి సాయంతో పాత కూలీలు 9,401 మంది సంతకాలతో, వేలిముద్రలో గుర్తులో పెట్టి, గవర్నరుకు అర్జీ సమర్పించారు. తోటల యజమానులు ఆ ప్లెవిట్జ్‌ను వీధిలో కొట్టినంత పని చేశారు. చివరకు లండన్ నుండి రాయల్ కమిషన్ రాక తప్పలేదు. అది కూలీల కష్టాలను పుట పుటలా విచారించి 1875లో నివేదిక ఇచ్చింది. మన భాషలో మొర వేరు, సణుగుడు వేరు. మొర పెట్టుకొనేవాడు ఎవరికి పెట్టుకోవాలో తెలిసి పెట్టుకొంటాడు. సణిగేవారికి వినేవారెవరైనా ఒకటే. కుళాయి నీటి సంగతి ఒకవేళ నిజంగా మొరే అయితే అర్జీ వ్రాయండి, మొదటి సంతకం నాది. పులిహోర చల్లారిన సంగతికి మాత్రం రాయల్ కమిషన్ రాదు.

ఇక కథ సికింద్రాబాదుకు మారుతుంది. జ్వరం చెడు గాలి వల్ల వస్తుందని అంతవరకు వైద్యులు సైతం నమ్మారు. మలేరియా అనే మాటకే ఇటలీ భాషలో చెడు గాలి అని అర్థం. 1880లో అల్జీరియాలో లావెరాన్ అనే ఫ్రెంచి సైనిక వైద్యుడు రోగి రక్తంలో క్రిమిని చూశాడు. అది ఒకరి నుండి ఒకరికి ఎలా చేరుతుందో చూసినవాడు రొనాల్డ్ రాస్. చోటు బేగంపేట, తేదీ 1897 ఆగస్టు 20. విసనకర్ర ఊపితే చిన్న దోమలు ఎగిరిపోతాయని ఉక్కపోతలో గాలి లేకుండా కూర్చున్నాడు. చెమట కారి సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టాయి. కంటి దగ్గరి అద్దం బీట వారింది. హుసేన్ ఖాన్ అనే జ్వరపీడితుడిని దోమల చేత కుట్టించి, కుట్టిన ఒక్కొక్క దోమకు ఒక్కొక్క అణా ఇచ్చాడు. అటువంటి దోమ పొట్ట గోడలో ఆ రోజున క్రిమి గుండ్రని కణాలు కనబడ్డాయి. నోబెల్ బహుమానం 1902లో రాస్‌కు వచ్చింది. హుసేన్ ఖాన్‌కు వచ్చినవి కొన్ని అణాలు. కృతజ్ఞతలు పంచేటప్పుడు ఆ పేరు కూడా గుర్తుంచుకోవడం న్యాయం.

రాస్ స్వయంగా సంతృప్తుడైన మనిషి కాదన్నది వేరే సంగతి. ఇటలీ శాస్త్రవేత్త గ్రాస్సీతో ఘనత ఎవరిదని జీవితాంతం తగవుపడ్డాడు. ప్రభుత్వం తనకు తగిన ప్రతిఫలం ఇవ్వలేదని వాపోయాడు. సణుగుడు గొప్పవారిని కూడా వదలదని చెప్పుకొని మనం కొంత ఊరట పొందవచ్చు.

ఆ రాస్ మన ద్వీపానికి 1907 నవంబరులో వచ్చి దాదాపు మూడు నెలలు ఉన్నాడు. పల్లెలలో, తోటలలో వేలాది పిల్లలను వరుసగా నిలబెట్టి కడుపులు తడిమించాడు. మలేరియా మరల మరల వస్తే ప్లీహం ఉబ్బుతుంది. మన పెద్దలు దానినే కడుపులో బల్ల అనేవారు. ప్రతి ముగ్గురు పిల్లలలో ఇంచుమించు ఒకరికి బల్ల ఉన్నదని తేలింది. నేను విశాఖపట్నంలో వైద్యం చదువుకొంటున్న రోజుల్లో ఏజెన్సీ ప్రాంతం నుండి తల్లులు ఎత్తుకొచ్చిన పిల్లల పొట్ట మీద చేయి వేసినప్పుడు వ్రేళ్ళకు తగిలిన ఆ గట్టిదనం నాకు ఇప్పటికీ గుర్తు. ఎడమ డొక్కలో ఉండవలసినది బొడ్డు దాకా దిగి ఉండేది. అటువంటి పిల్లవాడొకడు రాత్రి మాట్లాడి, తెల్లవారేసరికి స్పృహ తప్పి, మధ్యాహ్నానికి వెళ్ళిపోయాడు. వాని తల్లి ఎవరి మీదా ఫిర్యాదు చేయలేదు. చేయవలసి ఉండెననే నేటికీ నా అభిప్రాయం.

రాస్ ఇక్కడ కూర్చొని చేసిన లెక్క వైద్య చరిత్రలో మరువరానిది. దోమలన్నిటినీ చంపనక్కరలేదు. వాటి సంఖ్య ఒక హద్దుకు దిగువన ఉంటే జ్వరం తనంతట తానే అణగారిపోతుందని గణితంతో చూపించాడు. చిత్తడి నేలల నీరు తీయడం, కాలువలు బాగుచేయడం మెల్లగా సాగాయి. 1949లో ఇంటింటా డి.డి.టి. పిచికారీ మొదలైంది. మలేరియా మోసే దోమలలో ఒక జాతి దానితో ఈ దీవి నుండి మాయమైంది. 1973లో మారిషస్ మలేరియా లేని దేశమని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువపరచింది.

సంబరం ఎన్నాళ్ళో నిలవలేదు. 1975 ఫిబ్రవరిలో జెర్వేజ్ తుఫాను వచ్చింది. అది మీలో చాలామందికి చిన్నతనపు జ్ఞాపకమే. ఇళ్ళ పైకప్పులు లేచిపోయాయి, నీరు నిలిచింది, మలేరియా మళ్ళీ తలెత్తింది. దానిని తిరిగి అణచడానికి ఇరవై ఏళ్ళకు పైగా పట్టింది. అణచిన సాధనాలలో ముఖ్యమైనది ఏ గొప్ప యంత్రమూ కాదు. మలేరియా ఉన్న దేశాల నుండి వచ్చిన ప్రయాణికుల చిట్టా పట్టుకొని, ఇల్లిల్లూ తిరిగి, వేలికొసన ఒక రక్తపు చుక్క తీసి గాజు పలక మీద పూసుకొని పోయే ఉద్యోగి.

ఎందుకంటారా? మలేరియా మోసే మరొక దోమ జాతి ఈనాటికీ మన దీవిలో బ్రతికే ఉన్నది. దాని కడుపులో క్రిమి లేదు, అంతే తేడా. ఒంట్లో క్రిమి ఉండి జ్వరం లేని మనిషి ఒకరు, ఆ దోమ కుట్టగల చోట నిద్రపోతే చాలు. "జ్వరం వస్తే నాకు తెలియదా" అన్న డాక్టరమ్మ మాటకు ఇక్కడ విలువ లేదు. జ్వరం రాకముందే, ఒక్కొక్కప్పుడు జ్వరం రాకుండానే, క్రిమి రక్తంలో ఉండగలదు. ఆ ముక్క పరీక్షలో వ్రాసి మార్కులు తెచ్చుకొన్నదాన్ని.

పిన్నిగారికి ఇదంతా ఆ శనివారం చెప్పలేదు. ఆ తరువాత అమ్మోరు పండుగ నాడు వేపమండలు కడుతూ కొంత కొంత చెప్పాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తన నాయనమ్మకు పదకొండు మంది పిల్లలు పుడితే నలుగురు దక్కారని, మిగిలినవారు 'చలి'తో పోయారని ఇంట్లో చెప్పుకొనేవారని, ఆ చలి అంటే ఏమిటో తాను ఎన్నడూ అడగలేదని అన్నారు. తరువాత, "ఆ అబ్బాయికి మంచినీళ్ళయినా ఇవ్వలేదే" అన్నారు.

క్రిందటి నెల విశాఖపట్నం వెళ్ళి వచ్చాను. విమానం ఆలస్యమైంది. పెట్టె మరునాడు వచ్చింది. మూడవ నాటి ఉదయం గేటు దగ్గర గంట మ్రోగింది. నేను ఎండలో నిలబెట్టిన మనిషే. నన్ను గుర్తుపట్టాడో లేదో ముఖం చూసి చెప్పలేకపోయాను. వరండాలో కుర్చీ వేసి, కాఫీ తెచ్చేలోగా నా ఎడమచేతి ఉంగరపు వ్రేలు తుడిచి సిద్ధంగా ఉంచుకొన్నాను. అతడు గాజు పలక మీద చుక్కను గుండ్రంగా పూసి, ఆరేదాకా వీధి గాలికి పట్టి, కాగితంలో చుట్టి, దాని మీద నా పేరు వ్రాసుకొన్నాడు. ఈ వీధిలో ఇంకా తొమ్మిది ఇళ్ళున్నాయట. కాఫీ సగం త్రాగి లేచాడు.