ధర్మాసుపత్రి సొమ్ము ఎవరిది?



లూకా సువార్త పదో అధ్యాయంలోని మంచి సమరయుడి కథను మన సండే స్కూలు పిల్లలు నాటికగా వేస్తుంటారు. గాయాల మీద నూనె, ద్రాక్షారసం పోసి కట్టు కట్టే దాకా బాగా నటిస్తారు. ఆ తరువాత వచ్చే లెక్కను మాత్రం తొందరగా దాటేస్తారు. ప్రసంగాల్లో మేమూ దాని దగ్గర ఎక్కువసేపు ఆగము. మరునాడు సమరయుడు పూటకూళ్లవాని చేతిలో రెండు దేనారాలు పెట్టాడు. ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చేటప్పుడు ఇస్తానని మాట ఇచ్చాడు. దేనారం అంటే ఒక కూలివాని ఒకనాటి కూలి. అంటే రెండు రోజుల కూలి రొక్కంగా ఇచ్చి, మిగతా ఖర్చుకు పూచీ పడ్డాడు. దెబ్బలు తిన్న ఆ మనిషి దగ్గర చిల్లిగవ్వ లేదు, ఉన్నదంతా దొంగలు దోచుకుపోయారు. పూటకూళ్లవాడు అతన్ని బయటికి పంపకుండా చూసుకోవడానికి ఆ పూచీయే ఆధారం.

మన కర్నూలు, కడప జిల్లాల్లో బీదవాని వైద్యానికి ఈ పూచీ ఎవరు పడ్డారు, ఎక్కడ పడ్డారు, ఎక్కడ మాట తప్పారు అన్నది ఈ వారం ఆలోచిద్దాం.

మన పెద్దలు సర్కారు ఆసుపత్రిని ధర్మాసుపత్రి అంటారు. డబ్బు తీసుకోరు కాబట్టి అది ధర్మం అని వాళ్ల భావన. ఆ మాటలో కృతజ్ఞత ఉంది. దానితోపాటు తల వంచుకుని నిలబడే అలవాటు కూడా ఉంది. ధర్మానికి వచ్చినవాడు మందు లేదంటే మాట్లాడడు, డాక్టరు రాలేదంటే సాయంత్రం దాకా వేపచెట్టు కింద కూర్చుంటాడు. అసలు ఆ ఆసుపత్రులు ఎవరి సొమ్ముతో మొదలయ్యాయో చూస్తే ఈ పేరు సరైనదేనా అనిపిస్తుంది.

మద్రాసు రాజధానిలో 1871లో లోకల్ ఫండ్ చట్టం వచ్చింది. 1884లో లోకల్ బోర్డుల చట్టం వచ్చి, జిల్లా బోర్డులు, తాలూకా బోర్డులు ఏర్పడ్డాయి. రోడ్లు, బడులు, ఆసుపత్రులు, చిన్న డిస్పెన్సరీలు వాటి బాధ్యత. వాటి ఖజానాకు ముఖ్యమైన ఆధారం భూమి సెస్సు, అంటే రైతు శిస్తుతో పాటు అదనంగా కట్టిన పన్ను. లోకల్ ఫండ్ ఆసుపత్రి అనే పాత మాట అక్కడి నుంచే వచ్చింది. 1876-78 నాటి కరువును చూసిన నేల ఇది. సగం పండని చేల మీద కూడా ఆ పన్ను పడింది. భూమి లేని మన తాతముత్తాతలు సెస్సు కట్టలేదు గాని, ఆ చేలల్లో చెమట కార్చింది వాళ్లే. ఉప్పు మీద పన్ను కట్టింది కూడా అందరూ. కాబట్టి దొరలు జాలిపడి పెట్టిన ఆసుపత్రులు అనడానికి వీల్లేదు.

దానికి లోటు ఒకటి ఉంది. పన్ను ఆ జిల్లాలోనే వసూలై ఆ జిల్లాలోనే ఖర్చవుతుంది. డెల్టాలో కాలువ కింద భూముల మీద వచ్చే సెస్సు ఎక్కడ, మన మెట్ట భూముల మీద వచ్చేది ఎక్కడ? కరువు వచ్చిన ఏడు జబ్బులు పెరుగుతాయి, అదే ఏడు రాబడి పడిపోతుంది. సీమకు మిషన్ ఆసుపత్రి అంత అవసరం కావడానికి ఇదీ ఒక కారణమని మా అభిప్రాయం.

లండన్ మిషనరీ సొసైటీ తరఫున వచ్చిన డాక్టర్ క్యాంప్‌బెల్ పంతొమ్మిదో శతాబ్దం చివరి పదేళ్లలో జమ్మలమడుగులో వైద్యసేవ మొదలుపెట్టాడు. ఆయన పేరుతోనే ఆ ఆసుపత్రి ఈనాటికీ సి.ఎస్.ఐ. క్యాంప్‌బెల్ ఆసుపత్రిగా ఉంది. 1911 దాకా కడప జిల్లాలో భాగంగా ఉండిన మదనపల్లె దగ్గర కొన్ని మిషన్లు ఏకమై క్షయరోగుల కోసం 1915లో శానటోరియం తెరిచాయి. దాని పేరు ఆరోగ్యవరం. సంఘ శాఖలు ఒకరినొకరు వేలు చూపుకునే రోజుల్లో ఇలాంటి ఐక్యత కుదిరిందంటే, క్షయ ఎంత భయపెట్టిందో ఊహించుకోవచ్చు. ఈ ఆసుపత్రులు ఎలా నడిచాయి? సముద్రం అవతలి సంఘాల కానుకలు కొంత, ఇవ్వగలిగిన రోగుల ఫీజు కొంత. మద్రాసు రాజధానిలో మిషన్ ఆసుపత్రులకు ప్రభుత్వం, స్థానిక బోర్డులు గ్రాంట్లు కూడా ఇచ్చేవి. మిషన్ ఆసుపత్రి కేవలం కానుకలతోనే నడిచిందని మనవాళ్లు గొప్పగా చెప్పుకుంటారు గాని, అది పూర్తి నిజం కాదు.

1924లో పానగల్ రాజా మంత్రివర్గ కాలంలో మరో ప్రయత్నం జరిగింది. పల్లెలో స్థిరపడి బీదలకు ఉచితంగా వైద్యం చేసే డాక్టరుకు ఏడాదికి ఇంత అని సబ్సిడీ ఇచ్చే పథకం అది. పూర్తి జీతం కాదు. మిగతా సంపాదన డబ్బున్న రోగుల నుంచి తెచ్చుకోవాలి. ఆలోచన తెలివైనదే. కాని డబ్బున్న రోగులు నాలుగు ఊళ్లకు ఒకరు ఉన్న చోట డాక్టరు ఎన్నాళ్లు నిలుస్తాడు? పల్లె ఎంత బీదదైతే ఆ పథకం అంత బలహీనం.

ఇప్పుడు మన కర్నూలు బిడ్డ దగ్గరికి వద్దాం. 1887 అక్టోబరు 14న కర్నూలులో కవలలు పుట్టారు. వారిలో ఒకరైన ఆర్కాటు రామస్వామి మొదలియారు 1946లో ఐక్యరాజ్యసమితి ఆర్థిక, సామాజిక మండలికి మొదటి అధ్యక్షుడయ్యారు. రెండోవారు ఆర్కాటు లక్ష్మణస్వామి మొదలియారు. కర్నూలు బడిలోనే చదువుకుని ప్రసూతి వైద్యుడైనాడు. ఆయన రాసిన ప్రసూతి వైద్యగ్రంథం ఇప్పటికీ మెడికల్ విద్యార్థుల చేతుల్లో కనిపిస్తుంది. మద్రాసు విశ్వవిద్యాలయానికి 27 ఏళ్లు వైస్ ఛాన్సలర్‌గా ఉన్నారు. 1961లో ప్రపంచ ఆరోగ్య మహాసభ ఢిల్లీలో జరిగినప్పుడు అధ్యక్షుడు ఆయనే. ఆయన పేరు కర్నూలులో ఎంతమందికి తెలుసో మాకు సందేహమే.

ఆయన పని అర్థం కావాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. 1943లో సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతన ఒక కమిటీ వేశారు. 1946లో వచ్చిన దాని నివేదికకు పునాది లాంటి సూత్రం ఒకటుంది: డబ్బు చెల్లించలేని కారణంగా ఎవరికీ వైద్యం అందకుండా పోకూడదు. బీదవాని వైద్యానికి ప్రభుత్వ ధనమే పూచీ అని ఇంత స్పష్టంగా అంతకు ముందు మన దేశంలో చెప్పిన కమిటీ లేదు. ముందుగా 40,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, తరువాత కాలంలో 10,000 నుంచి 20,000 మందికి 75 పడకలతో ఒక కేంద్రం ఉండాలన్నది వారి ప్రణాళిక. డెబ్బై అయిదు పడకలు! మీ మండలంలోని పీహెచ్‌సీని ఒకసారి తలుచుకోండి.

1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం మొదలై, బ్లాకుకు ఒకటి చొప్పున ఆరోగ్య కేంద్రాలు వెలిశాయి. భోర్ చెప్పిన 40,000 మంది కాస్తా చాలా చోట్ల 60,000 నుంచి లక్ష దాకా అయ్యారు. ఒక డాక్టరు, నాలుగో ఆరో పడకలు. సూత్రం నిలిచింది, సొమ్ము సగంలో ఆగింది. 1959లో ప్రభుత్వం మొదలియారు అధ్యక్షతన రెండో కమిటీ వేసింది. ఆ కమిటీ నివేదిక ఇచ్చిన సలహా సూటిగా ఉంది: కొత్తవి తెరిచే ముందు ఉన్న కేంద్రాలను బాగు చేయండి, ఒక్కో కేంద్రం కిందికి 40,000 మందికి మించి రానివ్వకండి. ఆ సలహాకు అరవై ఏళ్లు దాటాయి. శిలాఫలకం మీద పేరు వేయించుకోవాలంటే కొత్త భవనం కావాలి. ఉన్న భవనంలో నర్సు జీతం, మందుల బీరువా, బోరు మోటారు రిపేరు వీటికి శిలాఫలకం ఉండదు. (చర్చి భవనాల విషయంలో మన సంఘాలూ ఇందుకు భిన్నం కాదులెండి.)

సొమ్ము ఎవరిదైతే పని వారి వైపు తిరుగుతుంది. ఉపకేంద్రాల్లో ఏఎన్ఎంల జీతాలు కుటుంబ సంక్షేమ పద్దు కింద కేంద్రం నుంచి వచ్చాయి. దాంతో ఆమె పనిలో కుటుంబ నియంత్రణ లక్ష్యాలు ముందుకొచ్చి, జ్వరం, కాన్పు వెనక్కిపోయాయి. 1976 నాటి ఎమర్జెన్సీలో ఆపరేషన్ల ఒత్తిడి ఎంతగా పెరిగిందో, సర్కారు ఆసుపత్రి బండి వస్తే మగవాళ్లు చేలల్లోకి పారిపోయిన కథలు ఎన్నో ఊళ్లలో చెప్పుకుంటారు. ఆసుపత్రి మీద నమ్మకం అప్పుడు విరిగింది. అది అతుక్కోవడానికి ఒక తరం పట్టింది.

మళ్లీ జమ్మలమడుగు పేరు వినిపించేది 1970ల్లో. వైద్యం చదివి వచ్చిన వై.ఎస్. రాజశేఖర రెడ్డి కొంతకాలం అక్కడి మిషన్ ఆసుపత్రిలో మెడికల్ ఆఫీసరుగా పనిచేశారు. 1973లో పులివెందులలో తండ్రి పేర 70 పడకల ధర్మాసుపత్రి పెట్టారు. ముఖ్యమంత్రి అయ్యాక, 2007 ఏప్రిల్ 1న అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలైంది. 2008 నాటికి రాష్ట్రమంతా విస్తరించింది. తెల్ల కార్డున్న కుటుంబానికి పెద్ద జబ్బు వస్తే ఆసుపత్రి బిల్లు ప్రభుత్వం కడుతుంది. పార్టీల మాట పక్కన పెడదాం, ఇది ప్రసంగ వేదిక కాబట్టి. గుండె ఆపరేషన్ కోసం పుస్తెలు తాకట్టు పెట్టి, నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చిన కుటుంబాలను మేము ఎరుగుదుం. ఆ తరువాత అదే ఊళ్లో పైసా కట్టకుండా ఆపరేషన్ చేయించుకుని నడిచి వచ్చినవాళ్లనూ ఎరుగుదుం. పేరు ప్రభుత్వాలను బట్టి మారినా పథకాన్ని ఎవరూ ఎత్తేయలేకపోయారు. ఇప్పుడది ఎన్టీఆర్ వైద్యసేవ.

అయితే పథకం మొదలైన కొద్ది ఏళ్లకే ప్రజారోగ్య నిపుణులు ఒక ప్రశ్న లేపారు, అది న్యాయమైనది. ఆరోగ్యశ్రీ ప్రధానంగా ఆపరేషన్‌కు, ఆసుపత్రిలో పడకకు డబ్బు కడుతుంది. మన కోసిగి, ఆలూరు వైపు నుంచి ఏటా గుంటూరు మిరప చేలకు వలస వెళ్లే కూలీకి నెల నెలా బీపీ మాత్ర కావాలి. క్షయ మందు ఆరు నెలలు తప్పకుండా మింగాలి. గర్భిణికి రక్తం తక్కువని ముందే చెప్పే మనిషి కావాలి. ఇవి పీహెచ్‌సీ పనులు. బీపీ మాత్ర దొరకనివాడు పక్షవాతంతో కర్నూలు పెద్దాసుపత్రికి చేరితే, అప్పుడు బిల్లు పెద్దది, బాగయ్యేది తక్కువ. ఆపరేషన్ బిల్లు మీద ముఖ్యమంత్రి బొమ్మ ఉన్న ఉత్తరం వస్తుంది. మాత్ర మీద రాదు. 2017 జాతీయ ఆరోగ్య విధానం కూడా ప్రభుత్వ ఆరోగ్య ఖర్చులో మూడింట రెండు వంతులు ప్రాథమిక వైద్యానికే పోవాలని రాసింది, మొత్తం ఖర్చును 2025 నాటికి జీడీపీలో 2.5 శాతానికి చేర్చాలని కూడా రాసింది. దేశం ఆ గీతను చేరలేదు.

ఇక మన చేతికి అందేంత దూరంలో ఉన్న సొమ్ము. 2005లో వచ్చిన గ్రామీణ ఆరోగ్య మిషన్ ఒక మంచి పని చేసింది. ఢిల్లీ, రాజధాని చెప్పిన పద్దుకే కాకుండా అక్కడి అవసరాన్ని బట్టి ఖర్చు పెట్టుకొమ్మని కొంత సొమ్ము ఇచ్చింది. మిషన్ మొదటి ఏళ్లలో పీహెచ్‌సీకి ఏడాదికి అన్నీ కలిపి 1,75,000 రూపాయలు, గ్రామ ఆరోగ్య కమిటీకి 10,000 రూపాయలు. పెద్ద మొత్తం కాదు. ఫ్యాను, నీళ్లు, కాన్పు గదికి తెర, అత్యవసరానికి బండి కిరాయి లాంటివి వాటిలో వస్తాయి. దాన్ని ఖర్చు పెట్టేది ఆసుపత్రి అభివృద్ధి కమిటీ. అందులో అధికారులు, ప్రజాప్రతినిధులు ఉంటారు. రోజూ చీటీ కోసం వరసలో నిలబడే మనిషి అందులో ఎంతమంది ఉన్నారో మీ మండలంలో అడిగి చూడండి.

అమెరికాలో బీదల కోసం 1965లో ఇలాంటి ఆరోగ్య కేంద్రాలు మొదలైనప్పుడు, మిసిసిపీ రాష్ట్రంలోని మౌండ్ బయూలో డాక్టర్ జాక్ గైగర్ ఆకలితో నకనకలాడే నల్లజాతి పిల్లలకు మందు చీటీ మీద పాలు, కూరగాయలు, మాంసం రాసి, ఆ బిల్లు మందుల పద్దులోంచి కట్టాడు. పైనుంచి అభ్యంతరం వచ్చింది. ఆకలి జబ్బుకు మందు అన్నమే కదా అన్నది అతని వాదన. అక్కడి చట్టం ప్రకారం ఈనాటికీ అలాంటి కేంద్రాల పాలకమండలిలో సగానికి పైగా అక్కడ వైద్యం చేయించుకునే రోగులే ఉండాలి. ధర్మం పుచ్చుకునేవాడికి కమిటీలో కుర్చీ వేయరు. సొమ్ము తనదైనవాడికే వేస్తారు.

పదిహేనో ఆర్థిక సంఘం 2021-26 కాలానికి 70,051 కోట్ల రూపాయలను ఆరోగ్యం కోసం ప్రత్యేకంగా స్థానిక సంస్థల ద్వారా ఇవ్వాలని సిఫారసు చేసింది. అంటే 1884 నాటి లోకల్ బోర్డుల పని మళ్లీ పంచాయతీ గడప దాకా వచ్చింది. ఈసారి సొమ్ము మన మెట్ట చేల సెస్సు కాదు, దేశమంతటి పన్ను. సబ్బు కొన్నా, సెల్ రీచార్జి చేయించినా మనం కడుతున్న పన్ను అందులో ఉంది. మన సంఘాల్లో వార్డు సభ్యులు ఉన్నారు, ఆశా కార్యకర్తలు ఉన్నారు, పొదుపు సంఘాల లీడర్లైన అక్కలు ఉన్నారు. గ్రామ ఆరోగ్య కమిటీ పుస్తకంలో ఈ ఏడు ఎంత జమ అయింది, దేనికి ఖర్చు పెట్టారు అని గ్రామసభలో అడగడానికి వాళ్లకు ఎవరి అనుమతీ అక్కరలేదు. సమరయుడు తిరిగి వచ్చినప్పుడు పూటకూళ్లవాడు కూడా లెక్క చూపించే ఉంటాడు.