నాదమునకై కట్టిన గృహము : బ్రస్సెల్స్‌లోని ఫిలిప్స్ మందిరము

సంగీతచరిత్రకారులు గానమును గూర్చి విరివిగా వ్రాయుదురు. గానము వినబడిన చోటును గూర్చి వ్రాయుట తక్కువ. చోటు మారినను కృతి మారదను విశ్వాసమే ఇందులకు కారణము. ఈ విశ్వాసము చెల్లని సందర్భము నొకదానిని మేమిచట పరిశీలింపదలచితిమి. అది 1958లో బ్రస్సెల్స్ నగరమున జరిగిన ప్రపంచప్రదర్శనమునందలి ఫిలిప్స్ మందిరము.

హాలండు దేశపు ఫిలిప్స్ సంస్థ తన దీపములను, ధ్వనియంత్రములను లోకమునకు జూపుటకై ఒక మందిరమును కట్టుమని లె కార్బూజియేను కోరెను. ఆయన అప్పుడు చండీగఢ్ నగరనిర్మాణమున మునిగియుండెను. కావున రూపకల్పనము చాలవఱకు ఆయన కార్యాలయములోని యానిస్ క్సెనాకిస్ చేతిమీదుగా జరిగెను. క్సెనాకిస్ గ్రీకుజాతీయుడు, ఇంజనీరు, స్వరకర్త కూడ. 1953-54లో ఆయన రచించిన 'మెటాస్టాసిస్' అను వాద్యబృందకృతిలో తంత్రీవాద్యములు ఒక స్థాయినుండి వేఱొక స్థాయికి జాఱుచు పోవును. మన జారుగమకము వంటిదే. కాని ఇందు ఒక్కొక్క వాద్యము ఒక్కొక్క వేగమున జాఱును. వానిని కాగితముపై గీసినచో సరళరేఖలగును. ఆ రేఖలు వరుసగా నిలిచి వంపు తిరిగిన తలమును పుట్టించును. మందిరపు గోడలు ఈ సూత్రముననే లేచినవి.

లోపలి సంగీతమునకు లె కార్బూజియే ఎడ్గార్ వరేజ్‌ను ఎన్నుకొనెను. ఈ ఎన్నిక సంస్థవారికి రుచింపలేదు; ఆయన పట్టు విడువలేదు. వరేజ్ తన 8 నిమిషముల 'పొయెమ్ ఎలెక్ట్రోనిక్'ను ఘంటానాదము, యంత్రధ్వనులు, మానవకంఠము మొదలగువానితో టేపుపై కూర్చెను. గోడల కమర్చిన లౌడుస్పీకర్ల సంఖ్యను గూర్చి పాఠభేదములు గలవు: కొందఱు 350 అందురు, కొందఱు 400కు పైబడి అందురు. ఎన్నియైనను వాని పని యొక్కటే. ధ్వనిని ఒక స్పీకరునుండి తరువాతిదానికి మఱలించుటకు వేఱొక టేపు ఉండెను. దానివలన నాదము శ్రోతల తలలమీదుగా గోడవెంట ప్రయాణించెడిది. జనము లోనికి వచ్చునప్పుడు క్సెనాకిస్ కూర్చిన చిన్నకృతి వినబడెడిది. కాలుచున్న బొగ్గుల చిటపటలే దానికి మూలద్రవ్యము.

కర్తృత్వమున వివాదము పుట్టెను. మందిరము తొలుత లె కార్బూజియే పేరనే చెల్లగా క్సెనాకిస్ అభ్యంతరము తెల్పెను. పిదప ఆయన పేరును చేర్చిరి. స్వరలేఖనమునుండి గోడను పుట్టించినవాని పేరు అడిగినపిమ్మటనే వెలువడుట మాకు న్యాయముగ తోపదు. 1959లో ఆయన ఆ కార్యాలయమునుండి తొలగింపబడెను.

అదే సంవత్సరము జనవరిలో మందిరమును కూల్చివేసిరి. టేపు మిగిలినది. దానిని రెండు స్పీకర్లపై విని వరేజ్ కృతిని వింటిమనుట పరిపాటి. మే మంగీకరింపజాలము. తాళ్లపాకవారి రాగిరేకులలో సాహిత్యమును రాగనామమును నిలిచి వరుస పోయినది. ఇచట ధ్వని నిలిచి దాని నడక పోయినది. 21వ శతాబ్ది తొలిదశకమున ఐరోపా పరిశోధకులు మిగిలిన పత్రముల నాధారముగ గొని మందిరమును, నాదగమనమును కంప్యూటరుపై పునర్నిర్మించిరి. శ్రద్ధతో చేసిన పరిష్కరణ మది. ఐనను సుమారు 500 మంది ఒక్కచో నిలిచి వినుటకు కట్టినదానిని ఇప్పుడు ఒక్కడు హెడ్‌ఫోనులు తగిలించుకొని వినవలసియున్నది.