పెట్టె అడుగున ఎర్ర ముక్కోణం

సూరారంలో ఇల్లు మారే హడావుడిలో, ట్రంకుపెట్టె అడుగున నా కాలేజీ రోజుల నాటి వైఎంసీఏ బ్యాడ్జీ దొరికింది. తలకిందులుగా నిలిచిన ఎర్ర ముక్కోణం. మా ఆవిడ తిప్పి చూసి, "ఇదేంటండీ, కుటుంబ నియంత్రణ గుర్తు దాచుకున్నారు!" అంది. ఆమె తప్పు లేదు. ఒకప్పుడు ఆస్పత్రి గోడల మీది ముక్కోణమూ ఇలాగే ఉండేది.

ఇది దానికంటే పాతది. 1844 జూన్ 6న లండన్‌లో, బట్టల దుకాణంలో పనిచేసే జార్జ్ విలియమ్స్ తోటి కుర్రాళ్లతో కలిసి ఈ సంఘం పెట్టాడు. పనయ్యాక తాగుడు తప్ప కాలక్షేపం లేని గుమస్తాలకు ప్రార్థన, చదువు, సావాసం. ముక్కోణం మాత్రం 1891లో వచ్చింది. అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ శిక్షణ కళాశాలలో లూథర్ గులిక్ దాన్ని ప్రతిపాదించాడు: దేహం, మనసు, ఆత్మ. అదే ఏడాది ఆయన పురమాయిస్తేనే జేమ్స్ నైస్మిత్ బాస్కెట్‌బాల్ కనిపెట్టాడు. దాపరికమెందుకు, మాకు బైబిలు తరగతికన్నా ఆ ఆటే ముద్దు.

తెలుగునాట ఈ కథ చెబితే అజరయ్య గుర్తుకు రావాల్సిందే. తిరునెల్వేలి వైపు మనిషి. 1895 నుంచి 1909 దాకా వైఎంసీఏ కార్యదర్శి. 1907లో ప్రపంచ విద్యార్థి క్రైస్తవ సమాఖ్య సభకు టోక్యో వెళ్లాడు. 1912లో దోర్నకల్ బిషప్పయ్యాడు; ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ ఆయనే. 1939లో ప్రతిష్ఠించిన అక్కడి కెథడ్రల్ చూడాలి! గుడి స్తంభాలూ మసీదు గుమ్మటాలూ సిలువతో కలిసిపోయాయి.

బ్యాడ్జీ సూది తుప్పుపట్టింది. మా ఆవిడ దాన్ని గుండీల డబ్బాలో వేసింది.