రాజకీయ ఖైదీల కోసం లేఖా ఉద్యమాలు

రాజకీయ కారణాలతో జైలుపాలైన వారి విడుదల, వైద్యం లేదా శిక్ష రద్దు కోసం బంధువులు, పౌరులు అధికారులకు విడివిడిగా, సామూహికంగా ఉత్తరాలు రాసే పద్ధతిని లేఖా ఉద్యమం అంటారు. 1961 మే 28న లండన్ పత్రిక 'అబ్జర్వర్'లో న్యాయవాది పీటర్ బెనెన్సన్ రాసిన వ్యాసంతో దీనికి అంతర్జాతీయ రూపం వచ్చింది. అలా పుట్టిన ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ సంస్థలో తొలినాళ్లలో ఒక్కో బృందం ముగ్గురు ఖైదీల బాధ్యత తీసుకునేది: పాశ్చాత్య, కమ్యూనిస్టు, మూడో ప్రపంచ దేశాల నుంచి ఒక్కొక్కరు. నిష్పాక్షికతకు అంతకన్నా స్పష్టమైన నియమం అరుదు.

ఉత్తరాలు ప్రతిసారీ ఫలించలేదు. ఆదిలాబాద్ జిల్లా రైతాంగ కార్యకర్తలు భూమయ్య, కిష్టాగౌడ్‌ల క్షమాభిక్షకు దేశవిదేశాల నుంచి విజ్ఞప్తులు వెళ్లినా, అత్యవసర పరిస్థితిలో, 1975 డిసెంబరు 1న వారిని ఉరితీశారు.

కొన్నిసార్లు ఉత్తరాలకు కోర్టు పోరాటమూ తోడైంది. మహారాష్ట్రలోని భీమా కోరేగావ్ హింసకు సంబంధించిన కేసులో 2018 ఆగస్టు 28న అరెస్టయిన కవి వరవరరావు 2020 జులైలో జైలులో తీవ్ర అనారోగ్యానికి గురయ్యారు. కుటుంబం బహిరంగంగా విజ్ఞప్తి చేసింది. రొమిలా థాపర్, ప్రభాత్ పట్నాయక్ తదితరులు మహారాష్ట్ర ప్రభుత్వానికి, జాతీయ దర్యాప్తు సంస్థ (ఎన్‌ఐఏ)కు లేఖ రాశారు. ఆయన భార్య హేమలత హైకోర్టును కూడా ఆశ్రయించారు. బొంబాయి హైకోర్టు 2021 ఫిబ్రవరి 22న ఆరు నెలల వైద్య బెయిలు, సుప్రీంకోర్టు 2022 ఆగస్టు 10న శాశ్వత వైద్య బెయిలు ఇచ్చాయి.